జమైకా చేప వేపుడుకి రెడ్ స్నాపర్ కొంటున్నారా? తల లేని ప్యాకెట్‌తో జాగ్రత్త

అమెరికాలో ఉన్నవాళ్ళకి ముఖ్యంగా ఈ హెచ్చరిక. రెడ్ స్నాపర్ ఖరీదైన సముద్రపు చేప. ఓ ఆన్‌లైన్ దుకాణం "క్లీన్ చేసిన రెడ్ స్నాపర్" అని పంపిన ఫ్రోజెన్ ప్యాకెట్లో ఉన్నది ఎర్ర తిలాపియా, చవకైన పెంపకం చేప. తల కోసేసి పంపారు కాబట్టి చూడగానే తెలియదు. ధర మాత్రం స్నాపర్‌దే.

ఇది పాత మోసమే. సముద్రాల పరిరక్షణకి పనిచేసే ఓషియానా సంస్థ 2010–12లో అమెరికా దుకాణాల్లో, హోటళ్ళలో కొన్న చేపలకి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే, రెడ్ స్నాపర్ పేరుతో అమ్మిన 120 నమూనాల్లో అసలైనవి ఏడే.

రంగుని నమ్మకండి, రెండూ ఎరుపే. తల ఉంటే ముక్కు చూడండి. స్నాపర్‌కి ఒక్కో పక్క రెండేసి రంధ్రాలు, తిలాపియాకి ఒక్కొక్కటే. తల లేకపోతే ఒంటి పక్కన సన్నగా సాగే గీతని చూడాలి. స్నాపర్‌కి అది మొప్ప దగ్గర్నుంచి తోక దాకా తెగకుండా పోతుంది. తిలాపియాకి మధ్యలో ఆగి, కాస్త కిందికి దిగి మళ్ళీ మొదలవుతుంది. తోలు తీసేసిన ఫిల్లెట్‌లో ఈ గుర్తులేవీ మిగలవు. అయినా తోలు లేకపోతే ఈ వేపుడే లేదు.

తూకం సంగతి. చేప మీది మంచు పొరని నెట్ వెయిట్‌లో కలపకూడదు. చన్నీళ్ళ కింద పట్టి, పొర కరగ్గానే తుడిచి తూచండి. పూర్తిగా కరిగించాక తూస్తే చేప లోపలి నీరు కూడా పోతుంది, అప్పుడు మీ ఫిర్యాదు నిలవదు. అంతకుముందే లేబుల్‌కీ లాట్ నంబరుకీ ఫొటో తీసి పెట్టుకోండి.

లేబుల్ మీద సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కనిపిస్తే వదిలేయండి. అది కండలో నీరు పట్టి ఉంచుతుంది. ఎంత తుడిచినా నూనెలో పడ్డాక ఆ నీరు ఊరుతూనే ఉంటుంది. నూనె చిటపటమని ఎగురుతుంది, వేడి పడిపోతుంది, తోలు మూకుడికి అంటుకుని చిరుగుతుంది. జమైకాలో చాలామంది పిండి పూత లేకుండానే వేయిస్తారు కాబట్టి ఈ లోపాన్ని కప్పేది ఏదీ ఉండదు.

అసలు కావలసింది తలతో ఉన్న 400–500 గ్రాముల చేప. పొలుసు, మొప్పలు తీసి, నిమ్మరసంతో కడిగి, పక్కకి మూడు గాట్లు ముల్లు తగిలేదాకా పెట్టండి. తడి లేకుండా తుడిచి ఉప్పు, మిరియాల పొడి గాట్లలోకి రుద్దండి. రెండు సెంటీమీటర్ల నూనె, 180 డిగ్రీల సెల్సియస్, పక్కకి 5–7 నిమిషాలు. తోలు గట్టిపడి తనంతట ఊడేదాకా అట్లకాడ పెట్టొద్దు.

పైన పోసే పుల్లటి వెనిగర్ రసాన్ని ఎస్కోవిచ్ అంటారు. దానికి ఒక కప్పు వెనిగర్, చక్రాల్లా కోసిన ఉల్లిపాయ, సన్నగా తరిగిన క్యారెట్, ఒక స్కాచ్ బానెట్ మిరపకాయ, పది పిమెంటో (ఆల్‌స్పైస్) గింజలు, చెంచా పంచదార, కాస్త ఉప్పు. రెండు నిమిషాలు మరిగితే చాలు, ఉల్లిపాయ కరకరలాడాలి. వేడి చేప మీద పోసి కొన్ని గంటలు ఊరనివ్వండి.

పిమెంటో దగ్గరా బోల్తా పడతారు. ఆ పేరుతో సీసాలో దొరికేది ఎర్ర క్యాప్సికమ్ ముక్కలు. మీకు కావలసింది ఆల్‌స్పైస్ గింజ. హైదరాబాద్‌లో దాన్నే కబాబ్‌చీనీ అంటారు, కానీ ఆ పేరుతో అడిగితే చలవ మిరియాలు కట్టిచ్చే కొట్లూ ఉన్నాయి. గింజకి తోక ఉంటే అది చలవ మిరియమే, తిరిగిచ్చేయండి.