ఎక్స్‌పెల్లర్ వార్మ్‌లకు హైస్పీడ్ స్టీల్ ప్లాస్మా పూత: కొన్ని సీజన్లు నడిపాక

వరంగల్ దగ్గర ఒక పత్తిగింజల నూనె మిల్లులో ఎక్స్‌పెల్లర్ల (గింజను నొక్కి నూనె తీసే మెషీన్ల) మెయింటెనెన్స్ నేను చూస్తాను. లోపల తిరుగుతూ గింజను ముందుకు నెట్టి నొక్కే మరల్లాంటి ముక్కలే వార్మ్‌లు. వాటి మీద హైస్పీడ్ స్టీల్ (కటింగ్ టూల్స్‌కు వాడే గట్టి స్టీల్) పొడితో ప్లాస్మా పూత వేయించి కొన్ని సీజన్లుగా నడుపుతున్నాం. పెట్టిన డబ్బుకు తగిన పనే. అయితే పూత తర్వాత టెంపరింగ్ (మళ్లీ వేడి చేసి చల్లార్చడం) చేయించకపోతే అది బూడిదలో పోసిన పన్నీరే.

గింజతో పాటు చేలోని ఇసుక కూడా వస్తుంది. ఎంత జల్లించినా కొంత లోపలికి పోతూనే ఉంటుంది. అది వార్మ్ అంచును తినేస్తే చుట్టూ ఉండే కేజ్ బార్లకూ (గూడులా అమర్చిన కడ్డీలకూ) దానికీ మధ్య సందు పెరిగి ఒత్తిడి పడిపోతుంది. చెక్కను (నూనె తీశాక మిగిలే పిప్పిని) చేత్తో నలిపినప్పుడు వేళ్లకు జిడ్డు ఎక్కువగా అంటుతోందంటే వార్మ్ విప్పాల్సిందేనని మాకు తెలిసిపోతుంది.

పూత వేసే షాపుకు వెళ్లేముందు ఒక విషయం అడిగి తెలుసుకోండి. ప్లాస్మా పేరుతో రెండు రకాల పనులు నడుస్తున్నాయి. ఒకటి ప్లాస్మా స్ప్రే. అందులో కరిగిన చుక్కలు ఉపరితలానికి తగిలి చదునై అట్ల దొంతరలా పేరుకుంటాయి. పొరల మధ్య సన్నటి రంధ్రాలు, ఆక్సైడ్ మిగులుతాయి. కింది లోహం కరగదు కాబట్టి పట్టు తక్కువ. షాఫ్ట్ సీటుకు అది బాగానే పనికొస్తుంది. ఒక షాపు మా వార్మ్‌కు అదే వేసి ఇచ్చింది, అంచు దగ్గర పెచ్చులుగా లేచిపోయింది. మనకు కావలసింది రెండోది, ట్రాన్స్‌ఫర్డ్ ఆర్క్. ఇందులో ఆర్క్ నేరుగా జాబ్ (పూత వేసే ముక్క) మీదికే దూకుతుంది. పైపైన లోహం కాస్త కరిగి, పొడి అందులో కలిసి వెల్డింగ్‌లా అతుకుతుంది. ఒక్క పాస్‌లో 1 నుంచి 3 మిల్లీమీటర్ల మందం వస్తుంది. కింది లోహం పూతలో కలిసేది 5–10 శాతమే, మామూలు వెల్డింగ్ రాడ్డుతో అయితే ఇది ఇంకా ఎక్కువ.

మేం వాడింది హైస్పీడ్ స్టీల్‌లో ఎం2 అనే రకం పొడి. టంగ్‌స్టన్ దాదాపు 6, మాలిబ్డినం 5, క్రోమియం 4, వెనేడియం 2 శాతం ఉంటాయి. ఎన్‌ఐటీలో మెటలర్జీ చదివిన మా మేనల్లుడు ఒక ముక్కను పాలిష్ చేసి, నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) పూసి మైక్రోస్కోప్ కింద చూపించాడు. లోహపు రేణువుల హద్దుల వెంట తెల్లటి కార్బైడ్ (లోహం, కార్బన్ కలిసిన చాలా గట్టి పదార్థం) గళ్లు, మధ్యలో మార్టెన్సైట్ అనే గట్టి స్టీల్ రూపం. కరిగిన పూత వేగంగా గడ్డకట్టడం వల్ల కొంత ఆస్టెనైట్ (వేడి మీద ఉండే స్టీల్ రూపం) మారకుండా అలాగే ఉండిపోతుంది, అది మెత్తన. 550 డిగ్రీల దగ్గర రెండు మూడు సార్లు టెంపర్ చేస్తే ఆ ఆస్టెనైట్ మార్టెన్సైట్‌గా మారుతుంది, సన్నటి కార్బైడ్లు కొత్తగా పుట్టి గట్టిదనం పెరుగుతుంది. మామూలు స్టీల్‌ను టెంపర్ చేస్తే మెత్తబడుతుంది, ఇది మాత్రం గట్టిపడుతుంది. టెంపర్ చేసిన వార్మ్‌కూ చేయనిదానికీ తేడా మా మిల్లులో కళ్లకు కట్టినట్టు కనిపించింది.

వాడాక విప్పి చూస్తే అంచు నున్నగా మెరుస్తుంది, గింజ జరిగే దిశలో సన్నటి గీతలు తప్ప లోతైన గాడులు ఉండవు. ఇసుక కంటే వెనేడియం కార్బైడ్ చాలా గట్టిది కాబట్టి దాన్ని కోయలేక చుట్టూ ఉన్న లోహాన్నే ఇసుక గీకుతుంది. ఒట్టి ఇసుక రాపిడికైతే క్రోమ్ కార్బైడ్ రాడ్డు కూడా గట్టి పోటీనే ఇస్తుంది. కానీ గింజతో పాటు ఇనుప ముక్క వస్తే ఆ క్రోమ్ కార్బైడ్ పూత చిట్లుతుంది, ఎం2 అంత తేలిగ్గా చిట్లదు. ఏదేమైనా ఫీడ్ దగ్గర మ్యాగ్నెట్ తప్పదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ముందు వేడి చేయకుండా పూత వేస్తే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వేశాక సున్నంలో పెట్టి నిదానంగా చల్లార్చాలి. వేడికి బోరు (షాఫ్ట్ దూరే రంధ్రం) కాస్త వంకర పోవచ్చు, షాఫ్ట్ ఎక్కించే ముందు గేజ్ వేసి చూడండి. సైజుకు తేవడం లేత్ మీద కష్టం, గ్రైండింగే చేయాలి. తొందరపడి గట్టిగా నొక్కితే నీలం మచ్చలు పడి ఆ చోట పూత మెత్తబడుతుంది.

ఖర్చు ఎక్కువ కాబట్టి సెట్ మొత్తానికి వేయించనక్కర్లేదు. ఒత్తిడంతా పడేది చెక్క బయటికొచ్చే వైపు చివరి వార్మ్‌ల మీదే. మేం వాటికి మాత్రమే వేయిస్తున్నాం, ఫీడ్ వైపు వాటికి మామూలు రాడ్డు సరిపోతోంది.