గుల్మర్గ్, ఔలీ, సోలాంగ్: స్కీయింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

స్కీయింగ్ నేర్చుకుందామనుకునే మన వాళ్లలో చాలామంది సంక్రాంతి సెలవులకే టికెట్లు తీసేస్తారు. పిల్లలకి బడి ఉండదు, ఆఫీసులో లీవు దొరుకుతుంది. కాశ్మీర్‌లోని గుల్మర్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్‌లోని సోలాంగ్, ఈ మూడు చోట్లా తిరిగి చూశాక నేను గట్టిగా చెప్పేది ఒకటే. కుదిరితే ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగండి.

హిమాలయాల్లో చలికాలం మంచు పడేది మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సుల (వాన, మంచు మోసుకొచ్చే మేఘాల వ్యవస్థల) వల్ల. అవి ఆలస్యమైతే జనవరి ఎండిపోతుంది. 2024 జనవరిలో గుల్మర్గ్ మైదానంలో తెల్లగా ఉండాల్సిన చోట ఎండుగడ్డి కనిపించింది, ఫిబ్రవరిలో గానీ సరైన మంచు పడలేదు. అలాగని ఫిబ్రవరికి హామీ ఉందా అంటే అదీ లేదు. 2025లో గుల్మర్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. అందుకే కాస్త ఎక్కువైనా సరే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు, రూమే తీసుకోండి.

మంచు విషయంలో గుల్మర్గ్‌కి మిగతా రెండూ సాటి రావు. ఆ మేఘాలకి ముందుగా అడ్డొచ్చే పెద్ద కొండల్లో గుల్మర్గ్ ఉన్న పీర్ పంజాల్ ఒకటి. ఔలీ ఉన్న గఢ్వాల్ ప్రాంతం చేరేసరికి వాటి బలం చాలావరకు తగ్గిపోతుంది. పైగా గుల్మర్గ్ ఉన్నదే 2,650 మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి గొండోలా (కేబుల్ కారు) మొదటి దశలో కొంగ్‌డూరీ అనే మజిలీకి, రెండో దశలో అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడ చెట్లుండవు. ఎటు చూసినా పెద్ద తెల్లటి వాలు, కాలు పెడితే మోకాలి దాకా దిగబడే పొడి మంచు. ప్రపంచం నలుమూలల నుంచీ స్కీయర్లు ఇంత దూరం ఎందుకొస్తారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

కానీ అది కొత్తవాళ్ల చోటు కాదు. పైన యంత్రంతో చదును చేసిన దారులు ఉండవు. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజమైనది, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అలాగే చనిపోయారు. గాలి పెరిగితే, మంచు ఎక్కువ పడితే రెండో దశ ఆపేస్తారు. ఆపితే గొడవ పడకండి, మన మంచికే. బాగా వచ్చినవాళ్లు కూడా గైడ్ లేకుండా, స్కీ భద్రతా సిబ్బంది తెరవని వాలు మీదికి వెళ్లకూడదు. నేర్చుకునేవాళ్లకి కింద మైదానంలోనే చిన్న చిన్న వాలులున్నాయి, మొదటి రోజులకి అవి చాలు.

వాలు ఒక్కటే చూస్తే, నేర్చుకోవడానికి నాకు నచ్చింది ఔలీ. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ జరిగిన చోటు. వాలు ఒకే తీరుగా, వెడల్పుగా సాగుతుంది. ఎటు తిప్పుతున్నామో, ఎంత వేగంలో ఉన్నామో తెలుస్తుంది కాబట్టి భయం త్వరగా పోతుంది. ఎదురుగా నందాదేవి శిఖరం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ (అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ) వాళ్ల కోర్సులో చేరితే బస, తిండి, శిక్షణ అన్నీ ఒకచోటే అయిపోతాయి. ఇబ్బందల్లా మంచే. కొన్నేళ్లు వాలు సగం కూడా నిండదు. రిషికేశ్ నుంచి ఔలీ కింద ఉన్న జోషీమఠ్‌ ఊరికి దాదాపు 250 కిలోమీటర్లు, కొండదారిలో రోజంతా పడుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఆగిన, అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే నేను వెళ్లినప్పుడు కూడా నడవడం లేదు. కాబట్టి పైనే రూము తీసుకోవడం మేలు.

సోలాంగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మనాలి వెళ్లినవాళ్లు ఒక పూట సరదాగా ప్రయత్నించడానికి బాగుంటుంది. వాలు చిన్నది, జనం ఎక్కువ. నిజంగా నేర్చుకోవాలంటే మనాలిలోని పర్వతారోహణ సంస్థ నడిపే కోర్సుకి ముందుగా దరఖాస్తు చేసుకోండి.

గుల్మర్గ్‌లో హోటళ్లు ఖరీదే. 13 కిలోమీటర్ల కింద టంగ్‌మార్గ్‌లో చవగ్గా దొరుకుతాయి కానీ, రాత్రి మంచు పడితే పొద్దున్నే చక్రాలకి చైన్లు కట్టిన బండి కోసం ఎదురుచూడాలి. రోజులో మంచి మంచు ఉండే పూట అక్కడే పోతుంది. నేనైతే రెండు రాత్రులు తగ్గించుకుని అయినా పైనే ఉంటాను. రూము చూసేటప్పుడు బయట కనిపించే దృశ్యం కన్నా, కరెంటు పోతే వేడికి ఏం ఏర్పాటుందో అడగండి. కట్టెల బుఖారీ (గదిని వేడి చేసే పొయ్యి) ఉంటే టెన్షన్ లేదు. తిండి విషయంలో మనకి కాశ్మీరే సులువు. వాళ్లూ అన్నం తినేవాళ్లే, హాక్ ఆకుకూర వేడన్నంలోకి ఎంతో బాగుంటుంది.

స్కీలు, బూట్లు మూడు చోట్లా అద్దెకి దొరుకుతాయి. ఒక షాపులో నాకిచ్చిన బూటు క్లిప్పు సగం విరిగి ఉంది, మార్చమంటే వాదించారు. బూటు అక్కడే తొడుక్కుని, క్లిప్పులన్నీ బిగించి, మడమ లేవకుండా ఉందో లేదో చూసుకోండి. స్కీకి బిగించి, విడిపించి కూడా చూడండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడకపోతే మోకాలు దెబ్బతింటుంది. ఇంకొకటి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ నంబరు ఒకటి వెంట ఉండాలి.