హబ్ కట్టర్: ఏళ్ల తరబడి వార్డులో వాడాక

వాడేసిన ఇంజెక్షన్ సూదిని కరెంటుతో కాల్చే బర్నర్, దాన్ని చేత్తో నొక్కి కోసే హబ్ కట్టర్ రెండూ ఏళ్లపాటు వాడాను. విశాఖ మహారాణిపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు సోకకుండా చూసే (ఇన్ఫెక్షన్ కంట్రోల్) నర్సును. నా ఓటు కట్టర్‌కే.

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు రెండింటినీ ఒప్పుకుంటాయి. తేడా తెలిసేది వార్డులోనే. బర్నర్‌తో పొగ, వాసన; కరెంటు పోతే అసలు పనే చేయదు. పైగా సూది కాలినా దాని మొదలు దగ్గర చిన్న ముక్క మిగిలిపోతుంది. ఆ సిరంజి ప్లాస్టిక్ వ్యర్థాలు వేసే ఎర్ర సంచిలోకి వెళ్తే, సంచి ఎత్తే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. కట్టర్‌లోనైతే సూది ప్లాస్టిక్ మొదలుతో సహా తెగి కింది డబ్బాలో పడుతుంది. కోసిన సిరంజిని ఎవరూ మళ్లీ వాడలేరు కూడా.

లోపాలూ ఉన్నాయి. మా సముద్రపు గాలికి బ్లేడు త్వరగా తుప్పు పడుతుంది. అప్పుడు నొక్కితే తెగదు, ప్లాస్టిక్ నలిగి సూది వంకరగా వేలాడుతుంది. రద్దీలో ఉన్న నర్సు దానికి మళ్లీ మూత తొడగబోతుంది. అసలు ప్రమాదం అక్కడే. వెన్నులో మత్తు ఇచ్చే సూదులు ఇందులో పట్టవు. ఇన్సులిన్ సిరంజిలకు సూది అతికే ఉంటుంది కాబట్టి, వాటిని కోయకుండా నేరుగా సూదులు, బ్లేడ్లు వేసే తెల్ల డబ్బాలో వేయాలి.

పసుపు సంచిలోని రక్తం అంటిన దూదికి, శరీర భాగాలకు 48 గంటల గడువుంది; వాసనా వస్తుంది. కాబట్టి అందరి భయమూ దాని మీదే. తెల్ల డబ్బాకు వాసన లేదు, అందుకే మూలన పడి నోటి దాకా నిండుతుంది. ముప్పాతిక నిండగానే మూసేయాలని నేను గొడవ పెట్టుకోని వారం లేదు. తనిఖీకి వచ్చినవారు వ్యర్థాల రిజిస్టరు, సంచుల మీది బార్‌కోడ్, సిబ్బందికి వేయించిన హెపటైటిస్ బి టీకాల జాబితా అడుగుతారు. మంచిదే. కట్టర్‌ను ఒక్కసారి నొక్కి చూసినవారు మాత్రం నాకు తారసపడలేదు.

కొనేవారు బ్లేడు మార్చుకునే వీలున్నదే చూసుకోండి. డబ్బాలో ఎంత నిండిందో బయటికి కనిపించాలి. నర్సుల గదిలో కాకుండా ఇంజెక్షన్ ట్రాలీ మీదే ఉంచండి. పది అడుగులు నడవాల్సి వస్తే ఎవరూ వాడరు.