స్కిప్పర్ టికెట్ చదువు: గాలం బోటు నడపాలనుకునే గంజాం కుర్రాళ్లకు ఎంత పనికొస్తుంది?

ఒడిశా గంజాం తీరంలో గోపాలపూర్, ఆర్యపల్లి, మార్కండి, సోనాపూర్ వైపు మన తెలుగు పల్లెల్లో ఎవరిని కదిపినా వల వేట గిట్టడం లేదనే అంటున్నారు. గాలం సరదా ఉన్న పట్నం వాళ్లను బోటెక్కించుకుని వంజరానికో తూరకో తీసుకెళ్తే నాలుగు డబ్బులు మిగులుతాయన్న ఆలోచన కుర్రాళ్లలో ఉంది. దానికి లైసెన్సు ఎక్కడ ఇస్తారని అడిగితే అందరూ వేట బోట్ల పని నేర్పే విశాఖ సిఫ్‌నెట్ పేరే చెబుతారు. బరంపురంలో రైలెక్కితే నాలుగైదు గంటల్లో దిగొచ్చు. ఆ చదువు, ఆ తర్వాత వచ్చే స్కిప్పర్ టికెట్, అంటే వేట బోటు నడిపే సర్టిఫికెట్, ఈ పనికి ఎంతవరకు ఆనుతాయో చూద్దాం. సముద్రం మీద దారి పట్టుకోవడం నేర్పడంలో మనకు దగ్గర్లో ఇంతకంటే మంచి చదువు లేదు. అతిథులను తిప్పడానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

సిఫ్‌నెట్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1963లో కొచ్చిలో మొదలైంది, విశాఖ యూనిట్ 1981లో వచ్చింది. మనకు కావలసింది రెండేళ్ల వెసెల్ నేవిగేటర్ కోర్సు. లెక్కలు, సైన్సుతో పదో తరగతి పాసై ఉండాలి, వయసు పరిమితి కూడా ఉంది. పక్కనే మెరైన్ ఫిట్టర్ కోర్సు ఉంటుంది, అది ఇంజిన్ పనికి. బోటు నడపాలనుకుంటూ ఫిట్టర్‌లో చేరితే తర్వాత దారి మార్చుకోవడం కష్టం.

చాలామంది పొరబడేది ఇక్కడే. కోర్సు పాసైతే చేతికొచ్చేది స్కిప్పర్ టికెట్ కాదు. ఆ తర్వాత బోటు మీద చెప్పినన్నాళ్లు పని చేయాలి. అప్పుడు ఓడల వ్యవహారాలు చూసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ పెట్టే పరీక్ష రాసి ముందు మేట్ (స్కిప్పర్ కింది మనిషి), ఆపైన స్కిప్పర్ కావాలి. రెండేళ్లలో టికెట్ వచ్చేస్తుందనే లెక్కతో అప్పు చేసి బోటు కొంటే వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. అమెరికాలో ఆరుగురు అతిథుల వరకు తీసుకెళ్లడానికే ఒక చిన్న కెప్టెన్ లైసెన్సు ఉంది. 360 రోజుల సముద్ర అనుభవం, అందులో 90 రోజులు గత మూడేళ్లలోవి చూపిస్తే పరీక్షకు రానిస్తారు. మన దగ్గర గాలం ట్రిప్పుల కోసమే ఉన్న అలాంటి టికెట్ లేదు. అందుకే ఈ పొడుగు దారి.

చేరకముందే చేయించుకోవలసింది కంటి పరీక్ష, ముఖ్యంగా రంగుల పరీక్ష. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కన్ను డెక్ పనికి పనికిరాదంటారు. రాత్రి ఎదురొచ్చే బోటు ఎటు తిరుగుతోందో ఆ రెండు దీపాలే చెబుతాయి కాబట్టి ఆ నిబంధన న్యాయమే. బరంపురంలో ఏ కంటి డాక్టరు దగ్గరైనా చుక్కల పుస్తకం ముందు పెట్టి చూస్తారు. రెండేళ్లు చదివాక తెలుసుకునేకంటే ఇది మేలు.

ఇంకో చిక్కు అనుభవం కాగితాలది. ఇంటి తెప్ప మీద పదేళ్ల వయసు నుంచి వెళ్లినా ఆ అనుభవం కాగితం మీదికి రాదు. రిజిస్టరైన బోటు మీద చేసిన పనికి ఓనరు సంతకంతో ఉత్తరం ఉండాలి. బోటు నంబరు, పొడవు, ఇంజిన్ హెచ్.పి., మీరు చేసిన పని, ఎక్కిన తేదీ, దిగిన తేదీ అందులో రాయించుకోండి. బోటు దిగిన రోజే సంతకం పెట్టించుకోవాలి. బోటు చేతులు మారాక పాత ఓనరును వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో బోటు నడిపే సరంగులను అడిగితే చెబుతారు.

ఇక చదువులో అసలు విలువ చార్టు (సముద్రపు పటం), దిక్సూచి పాఠాలది. తీరం మీది రెండు గుర్తులను ఒక వరసలోకి తెచ్చి వేట చోటు పట్టుకోవడం మన పెద్దలకు తెలిసిన విద్యే. మహేంద్రగిరి కనిపించినంత మేరా కొండ గుర్తుతోనే పని నడుస్తుంది. మంచు పట్టినా, కొండ కనపడనంత లోపలికి వెళ్లినా ఆ లెక్క తప్పుతుంది. ఇక్కడ అదే విద్యను చార్టు మీద గీత గీసి, డిగ్రీల్లో చదివి, వేగాన్నీ కాలాన్నీ కలిపి ఎక్కడున్నామో చెప్పేలా నేర్పుతారు. ఒక నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు, అక్షాంశంలో ఒక నిమిషం. ఇది ఒంటబట్టాక జీపీఎస్ ఆగిపోయినా కంగారుండదు.

దిక్సూచి గురించి ఒక ముఖ్యమైన సంగతి. మన తీరంలో అయస్కాంత దిక్కుకూ నిజం దిక్కుకూ తేడా ఒక డిగ్రీ లోపే. కాబట్టి ముల్లు తప్పు చూపిస్తే దోషం బోటులోనే వెతకాలి. ఇంజిన్ ఇనుము, పాటల స్పీకరు, పక్కన పెట్టిన ఫోను, అతిథి తెచ్చిన ఇనుప గాలాల పెట్టె, ఇవన్నీ ముల్లును లాగుతాయి. ఐదు డిగ్రీల తప్పుతో 12 మైళ్లు వెళ్తే చేరాల్సిన చోటికి ఒక మైలు పక్కన తేలతాం. లైట్‌హౌస్‌ను ఇంకో స్థిరమైన గుర్తుతో వరసలో పెట్టి, చార్టు చెప్పే డిగ్రీని దిక్సూచి చెప్పేదాంతో పోల్చాలి. ప్రతి సీజను మొదట్లో ఒకసారి, ఇంజిన్ మార్చినప్పుడల్లా ఒకసారి చేయాల్సిన పని ఇది.

నీటి ఈడ్పు లెక్క కూడా గాలం బోటుకు ప్రాణం లాంటిది. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి లాగుతుంది. ఇంజిన్ ఆపి మూడు గంటలు గాలాలు వేస్తే, ఒక నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) ఈడ్పులోనే మూడు మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు జరిగిపోతాం. తిరుగు ప్రయాణానికి పెట్టుకున్న పెట్రోలు ఈ లెక్క వేయనివాళ్లకే చాలదు. 40 హెచ్.పి. ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డు పూర్తి వేగంలో గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ముట్టుకోకుండా ఉంచాలి.

దారి నియమాల్లో గాలం బోటుకు నేరుగా తగిలే ముక్క ఒకటుంది. 1972 అంతర్జాతీయ నియమాల ప్రకారం గాలాలు లాగుతూ వెళ్లే బోటు వేటలో ఉన్న బోటు కింద లెక్కకు రాదు. వల ఉన్న బోటుకు దొరికే దారి హక్కు దానికి లేదు. ఆకుపచ్చ మీద, తెలుపు కింద దీపాలు కనిపిస్తే అది ట్రాలరు. ఎరుపు మీద, తెలుపు కింద ఉంటే వేరే రకం వల. రెండింటికీ మనమే తప్పుకోవాలి. మౌఖిక పరీక్షలో చాలామంది బోల్తా పడే ప్రశ్న ఇదే. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే మన పిల్లలు ఈ నియమాలను మొదటి నెల నుంచే ఇంగ్లీషు మాటల్లో నోటికి తెచ్చుకోవాలి.

చదువుకు అవతల మిగిలిపోయేది ఒడ్డు కెరటం. ఈ కోర్సు జెట్టీ నుంచి బయల్దేరే మరబోట్ల కోసం తయారైంది, గంజాం ఇసుక ఒడ్డు నుంచి ఎనిమిది మీటర్ల ఫైబరు తెప్పను తోసి ఎక్కే పని అందులో దొరకదు. దానికి గురువులు మన ఊరి పెద్ద సరంగులే. వెళ్లేటప్పుడు ముక్కు నేరుగా కెరటానికే ఉండాలి, పైకెక్కగానే ఇంజిన్ వేగం తగ్గించాలి, లేకపోతే తెప్ప గాల్లోకి లేచి నడుము విరిగేలా పడుతుంది. వచ్చేటప్పుడు ఒక కెరటం వీపు మీద కూర్చుని దాని వేగంతోనే రావాలి. దాని తల దాటితే ముక్కు దిగబడి అడ్డం తిరుగుతుంది, వెనక కెరటం బోర్లా వేస్తుంది. అతిథులను ముందు వైపు కూర్చోబెడితే ఇలాంటి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మధ్యలో, కింద కూర్చోబెట్టండి. లైఫ్ జాకెట్లు ఒడ్డు మీదే తొడిగించండి, గాలం కర్రలు కట్టేయండి, ఇంజిన్ ఆపే తాడు మీ కాలికో చేతికో ఉండాలి.

అనుమతుల సంగతి. మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ వేటకు, డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించడానికి కాదు. స్కిప్పర్ టికెట్ ఉన్నంత మాత్రాన ఈ లోటు తీరదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది ఇదే. లోతట్టు జలాల్లో ప్రయాణికుల బోటుకు 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్, సర్వే, బీమా, నడిపేవాడి సర్టిఫికెట్ అన్నీ అడుగుతుంది. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది గుర్తున్నవాళ్లెవరూ వీటిని ఉత్త కాగితాలనుకోరు. రంభ వైపు చిలిక సరస్సులో పండుగప్పకు గాలం వేయించాలనుకునేవారికి స్కిప్పర్ టికెట్ కంటే లోతట్టు సర్టిఫికెట్టే దగ్గర దారి.

సీజను లెక్క కూడా వేసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట కూడదు. ఆ హద్దు లోపల మిగిలేది వానాకాలం, తుపాన్ల కాలం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడ్డెక్కింది గోపాలపూర్ దగ్గరే. కాబట్టి నిషేధ హద్దులను చార్టు మీద ఎర్ర గీతతో గీసుకుని, దానికి దక్షిణంగా పని చూసుకునేవాడికే ఈ పెట్టుబడి తిరిగొస్తుంది.

చార్టు, దీపాలు, దారి నియమాల నేర్పుకు ఐదుకు ఐదు ఇవ్వొచ్చు. అతిథులను తిప్పే వ్యాపారానికి ఐదుకు రెండే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లవాడు, లెక్కలు బాగా వచ్చినవాడు, పెద్ద బోట్ల మీద ఉద్యోగానికి కూడా సిద్ధమైనవాడు కళ్లు మూసుకుని చేరొచ్చు. ముప్పై దాటి, సొంత తెప్ప ఉండి, వచ్చే సీజనుకే ట్రిప్పులు మొదలుపెట్టాలనుకునేవాడు ఆ రెండేళ్లూ పెట్టడం కంటే టికెట్ ఉన్న మనిషిని జీతానికి పెట్టుకోవడం మంచిది. అలా పెట్టుకున్నా బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద ఉండాలి, సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ కెరటాల హెచ్చరిక బయల్దేరే ముందు చూడాలి, కోస్ట్ గార్డ్ 1554 నంబరు ఇంజిన్ మూత మీద పెయింటుతో రాసి ఉండాలి.