ఆటపాక చూసి కొల్లేరు చూశామనుకోకండి

డిసెంబరు రెండో వారంలో నేను, మా ఆయన, మావయ్యగారు రెండు రోజులు కొల్లేరు వెళ్ళొచ్చాం. మావయ్యగారి సొంతూరు ఆకివీడు. హైదరాబాదులో మా దగ్గరికొచ్చి పన్నెండేళ్ళయింది. బయల్దేరేటప్పుడు "పక్షుల కోసం వెతకడం ఎందుకమ్మా, నీళ్ళుంటే అవే వస్తాయి" అన్నారు. తిరిగొచ్చేదాకా ఆ మాట చుట్టూనే తిరిగాం.

ఏలూరులో రైలు దిగి రోజుకింత అని కారు మాట్లాడుకున్నాం. కైకలూరు దారి సరస్సు మీదుగానే పోతుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర కారు ఆపించి పది నిమిషాలు నిలబడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళు ఇక్కడ పరుచుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి దిగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు ఆ వరద కూడా ఇటే వచ్చింది. మేం వెళ్ళినప్పుడు మాత్రం వంతెన పక్కన నీటికంటే గుర్రపుడెక్కే ఎక్కువ కనిపించింది.

ఆటపాక పక్షుల కేంద్రం కైకలూరుకి దగ్గరే, ఆటోలో కూడా వెళ్ళొచ్చు. తెల్లవారగానే చేరుకోండి. ఎండెక్కాక పక్షులు సగం మేతకు పోతాయి, జనం పెరుగుతారు. మొదటి పడవలో మేం ముగ్గురమే. నీళ్ళ మధ్య ఇనుప స్టాండ్లు, వాటి మీద పుల్లల గూళ్ళు, గూటికో పెలికాన్. నిఘంటువులో గూడబాతు అని ఉంటుంది గానీ పడవతను కూడా పెలికాన్ అనే అన్నాడు. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేప లాక్కుంటుంటే నాకు మాట రాలేదు. పక్క స్టాండ్ల మీద పెయింటెడ్ స్టార్క్‌లు అనే కొంగలు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలతో. చెట్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పడవతను గూళ్ళకు దూరంగానే ఆపి "బాబాయ్, ఇంతకంటే దగ్గరికి పోతే తల్లి లేచిపోద్ది, గుడ్లు ఎండకి పోతాయి" అన్నాడు. వెనకొచ్చిన పడవలో కుర్రాళ్ళు పక్షులు లేవాలని చప్పట్లు కొట్టారు. ఫొటో కోసం అలా చేయకండి, దయచేసి.

కాపలా, శుభ్రత, చిన్న మ్యూజియం, అన్నీ బాగున్నాయి. పిల్లలున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. బైనాక్యులర్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి.

అయితే ఈ స్టాండ్లు ఎందుకు అవసరమయ్యాయో తెలుసుకుని చూస్తే ఆ దృశ్యమే వేరుగా ఉంటుంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త కొల్లేరు ప్రాంతంలో పెలికాన్ల స్థావరాన్ని కనుగొన్నప్పుడు, అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్ళు పెట్టాయి. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో మళ్ళీ పిల్లలు లేస్తున్నాయంటే, మనుషులు పూనుకుని గూటికి చోటు చూపించారు గనక. మరి మేత? అది స్టాండు మీద దొరకదు.

ఆటపాక గేటు దాటి గట్ల వెంట తిరిగితే విషయం అర్థమవుతుంది. ఎటు చూసినా చేపల చెరువులే. "చెరువైనా నీళ్ళేగా నాన్నా, పక్షికి నష్టమేంటి?" అని మా ఆయన అడిగారు. "కొంగకి మోకాలి లోతు కావాలిరా. ఇక్కడ గట్టు దిగితే నిలువు లోతు. అది నిలబడేదెక్కడ?" అన్నారు మావయ్యగారు. నిజమే, పెయింటెడ్ స్టార్క్ లోతు లేని నీళ్ళలో నడుస్తూ, ముక్కు సగం తెరిచి తడుముకుంటూ చేపను పడుతుంది. పెలికాన్ ఈదుతూ పట్టగలదు గానీ, చెరువులో దిగితే రైతుకి శత్రువే. ఆ గట్లే వరద నీటికీ అడ్డం.

1999లో +5 అడుగుల కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలకిచ్చే రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2005-06లో గట్లు పేల్చి మరీ చెరువులు తొలగించారు, తర్వాత మళ్ళీ లేచాయి. లోపలి ఊళ్ళవాళ్ళకి బతుకుతెరువు చూపకుండా గట్టు కొట్టేస్తే నిలవదని నాకు అనిపిస్తుంది. అలాగని కాంటూరును +3కి తగ్గించమనే మాటకు నేను ఒప్పుకోలేను. ఆ రెండడుగుల మధ్యే కొంగలు నిలబడే లోతు ఉంది.

బస సంగతి. మొదటి రాత్రి కైకలూరులో ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు లేవు, కిటికీ తెర చిరిగి దోమలు. అయినా తెల్లవారుజామున పక్షుల దగ్గరికి చేరాలంటే అక్కడ ఒక రాత్రి ఓర్చుకోవచ్చు. పెద్దవాళ్ళుంటే ఏలూరో భీమవరమో నయం, రెండో రాత్రి భీమవరంలో హాయిగా పడుకున్నాం. భోజనం ఎక్కడైనా బాగుంటుంది, కొరమీను పులుసు అడగండి.

సమయం తక్కువుండి పక్షులే చాలనుకుంటే గుంటూరు దగ్గర ఉప్పలపాడు తేలిక. ఊరి చెరువు గట్టు మీంచే పక్షులు కనిపిస్తాయి. కానీ వరద నీరు, చెరువు గట్టు, పక్షి మేత ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో అక్కడ తెలియదు. నవంబరు నుంచి మార్చి దాకా ఎప్పుడైనా కొల్లేరు వెళ్ళండి, ఒక పూట ఆటపాకకి, ఒక పూట సరస్సుకి.

తిరుగు ప్రయాణంలో ఆకివీడులో ఆగి ఉప్పుటేరు చూశాం. చిన్నప్పుడు తాటిదోనెలో తిరిగిన రోజులు చెబుతూ మావయ్యగారు చేపల బుట్టల దగ్గరికి వెళ్ళి "ఇంగిలాయిలున్నాయా, మట్టగిడసలున్నాయా?" అని అడిగారు. "అవెక్కడివి బాబాయ్, చెరువు చేపలే. బొచ్చె, శీలావతి" అంది ఆ అమ్మాయి. ఆయన ఏమీ కొనకుండా కారెక్కారు.