సీఎంటీ కిట్: వాపును చూపుతుంది, కారణాన్ని చూపదు

పాడి ఆవుల్లో పొదుగువాపును పాకలోనే గుర్తించడానికి అమ్మే సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) కిట్‌లో నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం, ఊదారంగు ద్రావణం సీసా తప్ప మరేమీ ఉండవు. మొదటి ధారలు వదిలేసి, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు మూడు మిల్లీలీటర్ల పాలు పిండి, అంతే ద్రావణం కలిపి పళ్లేన్ని గుండ్రంగా తిప్పితే, వాపున్న చన్ను పాలు క్షణాల్లో జిగురుగా చిక్కబడతాయి. పాలలో చేరిన తెల్ల రక్తకణాలను ద్రావణం చిట్లించినప్పుడు బయటపడే డీఎన్ఏ వల్ల వచ్చే చిక్కదనమది. ఆలస్యమైతే జిగురు విడిపోతుంది కనుక ఫలితాన్ని అప్పటికప్పుడే చూసుకోవాలి. పాలు పైకి బాగానే కనిపిస్తున్నా లోలోపల ముదిరే వాపును, ఏ చన్నులో ఉందో సహా ఇంత చవకగా పట్టిచ్చే సాధనం మరొకటి నాకు కనిపించలేదు. జున్నుపాలకు, వట్టిపోయే దశలోని పాలకు మాత్రం ఇది నమ్మదగినది కాదు.

నా అభ్యంతరమంతా నేను కొన్న కిట్‌తో వచ్చిన సూచనల కాగితం మీదే. జిగురు కనిపిస్తే చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించమని చెప్పి అది చేతులు దులుపుకొంది. వాపుకు కారణం బాక్టీరియానా, కాండిడా వంటి ఈస్టా, ఆస్పర్జిల్లస్ వంటి బూజా అన్నది ఈ పరీక్షలో తేలదు. యాంటీబయాటిక్ ఈస్టు, బూజు వంటి శిలీంధ్రాలను చంపదు సరికదా, వాటికి పోటీగా ఉన్న బాక్టీరియాను తొలగించి చోటిస్తుంది. పైగా స్పిరిట్‌తో తుడవని చన్నులోకి దూర్చిన ట్యూబు మొన గానీ, పలు ఆవులకు వాడిన సిరంజి గానీ ఈస్టును నేరుగా పొదుగులోకి చేరవేయగలదు. శిలీంధ్రాల పొదుగువాపు తరచుగా వైద్యం వెనకాలే మొదలవడానికి కారణమిదే.

అందువల్ల ట్యూబులు మార్చి మార్చి వేసినా జిగురు తగ్గకపోతే, పశువైద్యుణ్ణి సంప్రదించి, చన్ను మొనను స్పిరిట్‌తో తుడిచి, శుద్ధిచేసిన సీసాలో పాలు తీసి, మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపాలి. శిలీంధ్రాల కల్చర్ (వాటిని పెంచి గుర్తించే పరీక్ష) కూడా చేయమని చీటీలో విడిగా రాయాలి. ఈస్టు అని తేలిన చాలా ఆవుల్లో యాంటీబయాటిక్ ఆపి, పొదుగును తరచూ పూర్తిగా పిండుతుంటే కొన్ని వారాల్లో నయమవుతుంది. క్రిప్టోకాకస్ అనే ఈస్టు అయితే మాత్రం అంత తేలిగ్గా వదలదు.

కొనదలచినవారు ద్రావణం విడిగా దొరికే కంపెనీ కిట్‌నే ఎంచుకోవడం మేలు. పళ్లెం ఏళ్ల తరబడి వస్తుంది, అయిపోయేది ద్రావణమే.