యూనివర్సిటీ ల్యాబ్‌లో విండోస్ 10: ఇంకొన్నాళ్లు లాగుదామా, 11కి మారుదామా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. ఇక డబ్బు కట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవాలి, లేదా 11కి మారాలి.

ఖర్చు: విద్యాసంస్థలకు పొడిగింపు చవకే. మెషిన్‌కు మొదటి ఏడాది 1 డాలర్, తర్వాత 2, ఆపై 4. లైసెన్స్ ఉంటే 11 ఉచితం. కానీ టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. లేదంటే కొత్త మెషిన్ కొనాల్సిందే.

శ్రమ: పొడిగింపుకు యాక్టివేషన్ కీ ఎక్కిస్తే చాలు. 11తో అసలు టెన్షన్ ల్యాబ్‌లోని పాత పరికరాలదే. స్పెక్ట్రోమీటర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ప్రొఫెసర్ గారి ఫోన్ మీకే!

రిస్క్: పొడిగింపు 2028 అక్టోబర్ దాకానే.

పరికరాలకు తగిలించిన నాలుగైదు మెషిన్లకు పొడిగింపే మేలు. విద్యార్థుల ల్యాబ్‌ను మాత్రం వేసవి సెలవుల్లో 11కి మార్చేయండి. పరీక్షల ముందు ముట్టుకోవద్దు.